ఓవర్ వెయిట్ అని టీఆర్ ఇచ్చారు, అయిదు వారాల్లో 7 కేజీలు తగ్గడం అయ్యే పనేనా?

గాజువాక కుర్రోడు
సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల రాతపరీక్ష) రాసి ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో రికమెండ్ అయ్యాను, ఓటీఏకి (ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ). మా అమ్మ వీధంతా స్వీట్లు కూడా పంచేసింది. ఆ తర్వాత మెడికల్స్‌లో ఓవర్ వెయిట్, టీఆర్ (ప్రస్తుతానికి రిజెక్ట్) అని కాగితం చేతిలో పెట్టారు. హైట్ 172, వయసు 23, వాళ్ళ మిషన్ మీద బరువు 75. ఉండాల్సింది 68 అట. అప్పీల్ మెడికల్ బోర్డుకి 42 రోజుల్లోపు వెళ్ళాలి, అందులో ప్రయాణానికీ ఏడవడానికీ కొన్ని పోగా ఇప్పుడు చేతిలో ఉన్నవి అయిదు వారాలు. నేనేం బద్ధకస్తుణ్ణి కాదు, 2.4 కిలోమీటర్లు 11 నిమిషాల్లో కొడతాను, పుల్ అప్స్ ఏడెనిమిది వస్తాయి, చూడ్డానికి లావుగా కూడా ఉండను, మరి ఈ 7 కేజీలు ఎక్కడ దాక్కున్నాయో తెలీట్లేదు. యూట్యూబ్ పెడితే ఒకడు అన్నం మానేయమంటాడు ఇంకొకడు అన్నం తింటేనే పరుగొస్తుందంటాడు, బుర్ర పాడైపోతోంది గురూ. టీఆర్ నుంచి బయటపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి.

నెల్లూరు నాగ్
172కి 75 ఓవర్ వెయిటా? మా ఆఫీసులో అయితే నిన్ను చూసి పాపం సరిగ్గా తినట్లేదు అంటారు

సీడీఎస్ సుజి
నాగ్ గారూ వాళ్ళ చార్ట్ వేరు. యూపీఎస్సీ నోటిఫికేషన్ చివర్లో మెడికల్ స్టాండర్డ్స్ అని ఉంటుంది, ఎవరూ అక్కడిదాకా చదవరు. 17 నుంచి 20 ఏళ్ళ వాళ్ళకి బీఎంఐ (కేజీల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది) 22 దాటకూడదు, 20 దాటితే 30 వరకు 23, ముప్పైల్లో 24, నలభై దాటితే 25. 1.72ని 1.72తో గుణించి మళ్ళీ 23తో గుణిస్తే 68 వస్తుంది, తమ్ముడికి చెప్పింది అదే.

నెల్లూరు నాగ్
అంటే నలభై దాటాక చేరితే హాయిగా తినొచ్చన్నమాట

శ్రీకాకుళం చిన్నోడు
మా కోడి రామ్మూర్తి నాయుడు గారు ఇప్పుడు మెడికల్స్‌కి వెళ్తే ఏటవుతాదో ఊహించుకోండి. ఏనుగుని రొమ్ము మీదకి ఎక్కించుకున్న మనిషికి ఓవర్ వెయిట్, టీఆర్, 42 రోజుల్లో రండి అని రాసి పంపేస్తారు. మేం ప్రాక్టీస్ చేసే స్టేడియానికి ఆయన పేరే మళ్ళీ.

మాజీ హవల్దార్
నవ్వులాటలు తర్వాత. బాబూ, ముందు ఒకటి అర్థం చేసుకో, టీఆర్ అంటే టెంపరరీ రిజెక్టెడ్, పర్మనెంట్ కాదు. ఎముకల్లో తేడా ఉన్నవాడికి, కళ్ళ నంబర్ ఎక్కువున్నవాడికి పీఆర్ రాస్తారు, వాడు ఎంత కష్టపడ్డా దాన్ని మార్చుకోలేడు. నీది మార్చుకోగలిగేది కాబట్టే టైం ఇచ్చారు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళు చూశాను, బీపీఈటీ అనే ఫిట్‌నెస్ టెస్టులో 5 కిలోమీటర్లు రైఫిల్‌తో అవలీలగా కొట్టేసే కుర్రాళ్ళు కూడా లీవుకి ఇంటికెళ్ళి అత్తగారి వంట తిని వస్తే యాన్యువల్ మెడికల్‌లో దొరికిపోయేవాళ్ళు. పరుగు వేరు, బరువు వేరు. పరుగెడుతున్నాను కదా అని రెండు ప్లేట్లు తినేవాడు పరుగు బాగా పెంచుకుంటాడు, పొట్ట అక్కడే ఉంటుంది.

నీ రోజంతా ఏం తింటున్నావో దాచకుండా ఇక్కడ రాయి. టీలతో సహా.

గాజువాక కుర్రోడు
పొద్దున ఇడ్లీ నాలుగు లేకపోతే పూరీ. మధ్యాహ్నం అన్నం పప్పు వేపుడు పెరుగు, అన్నం ఎంత అంటే... మామూలుగా. సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చేటప్పుడు అరటిపళ్ళు రెండు, మిక్చర్ ఒక పొట్లం, అప్పుడప్పుడు పునుగులు. రాత్రి మళ్ళీ అన్నమే. టీలు నాలుగు. ఆదివారం బిర్యానీ.

కరీంనగర్ పోరడు
"మామూలుగా" అంటేనే అసలు సంగతి గాడుంది అన్నా 😄 మా అవ్వ మామూలుగ పెట్టే అన్నం గిన్నెల కొలిస్తే నాలుగు కప్పులెల్లింది

డైట్ లెక్కల డాక్టరమ్మ
నేను డాక్టర్ని కాదు, ఎంఎస్‌సీ న్యూట్రిషన్, పేరు సరదాకి పెట్టుకున్నాను. లెక్క చెప్తా వినండి. ఒక కేజీ కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీల లోటు కావాలి. 7 కేజీలూ కొవ్వే అనుకుంటే అయిదు వారాల్లో రోజుకి 1540 లోటు, అది తిండి మానేసి పడుకుంటే తప్ప రాదు. కానీ 7 కేజీలూ కొవ్వు కానక్కర్లేదు. ఉప్పు, మిక్చర్, అన్నం తగ్గించగానే ఒంట్లో పట్టి ఉన్న నీరు కేజీన్నర రెండు కేజీలు మొదటి వారం పది రోజుల్లోనే దిగిపోతుంది. మిగతా 5 కేజీలకి రోజుకి 1100 లోటు. కష్టమే, కానీ 23 ఏళ్ళ కుర్రాడు రోజూ పరిగెత్తేవాడికి అసాధ్యం కాదు. రెండు మూడు నెలల టైం ఉన్నవాళ్ళకైతే వారానికి అర కేజీ నుంచి కేజీ చాలు అని చెప్తాను, ఈ వేగం అందరికీ కాదు.

తీసేయాల్సినవి ముందు చెప్తా: మిక్చర్, పునుగులు, పూరీ, టీల్లో పంచదార, ఆదివారం బిర్యానీ. వేపుడు బదులు కూర. టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు, మన వేపుడులో ఒక మనిషి వాటాకి రెండు స్పూన్లు ఈజీగా ఉంటుంది. అన్నం మానేయక్కర్లేదు, మధ్యాహ్నం ఒక్క కప్పు, కొలిచి. కొలవడం అంటే కప్పుతో, కంటితో కాదు. దానికి రెండింతలు ఆకుకూర పప్పు, గుడ్లు రెండు, పల్చటి మజ్జిగ. రాత్రికి జొన్నరొట్టె ఒకటి, చికెన్ గానీ మీల్ మేకర్ గానీ. ఎండు మీల్ మేకర్ 50 గ్రాముల్లో 26 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంత చవకలో ఇంకేదీ రాదు. పొద్దున పెసరట్టు, ఉప్మా లేకుండా.

నెల్లూరు నాగ్
ఉప్మా లేకుండా పెసరట్టా, ఆర్మీలోకి వెళ్ళకముందే త్యాగాలు మొదలు

కడప రెడ్డెప్ప
ఏమప్పా జొన్నరొట్టె అంటివి, రాగిసంగటి ఏం పాపం చేసింది. మా ఊరోళ్ళు సంగటి తినే మిలటరీకి పోయినారు.

డైట్ లెక్కల డాక్టరమ్మ
సంగటి మంచిదే రెడ్డెప్ప గారూ. ముద్ద సైజు చూసుకోండి అంతే. మీ వైపు ముద్ద నేను చూశాను.

కడప రెడ్డెప్ప
అది నిజమేలే

బీచ్ రన్నర్ వైజాగ్
తిండి మీద డాక్టరమ్మ చెప్పినదానికి ఎదురు చెప్పను గానీ గాజువాక తమ్ముడూ నువ్వు రోజూ ఒకే 2.4 ఒకే స్పీడ్‌లో కొడుతున్నావని నా అనుమానం. అంత చిన్న పరుగుకి పెద్దగా కేలరీలు ఖర్చవవు. వారంలో నాలుగు రోజులు నెమ్మదిగా గంట పరుగు, పక్కవాడితో మాట్లాడగలిగే స్పీడ్, రెండు రోజులు ఇంటర్వెల్స్ (కొంచెం దూరం గట్టిగా పరుగు, మధ్యలో నడక), ఒక రోజు రెస్ట్. ఆర్కే బీచ్‌లో పొడి ఇసకలో పరిగెత్తమని చాలామంది చెప్తారు, 75 కేజీలతో మొదటి వారమే అది చేస్తే పిక్కల ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది, నెలంతా మంచమే. తడి ఇసక మీద పరిగెత్తు, లేకపోతే ఏయూ గ్రౌండ్ మట్టి.

కరీంనగర్ పోరడు
నాది అగ్నివీర్ లైన్ అన్నా, సీఈఈ రాతపరీక్ష పాసైన, ర్యాలీ కోసం చూస్తున్న. మాకు 1.6 కిలోమీటర్లు 5:30 లోపు ఉరికితే 60 మార్కులు, బీమ్ (పుల్ అప్స్) పది కొడితే 40. 5:30 అంటే ఒక్క 400 మీటర్ల రౌండ్ 82 సెకండ్లకు కొట్టాలె, నాలుగు రౌండ్లు గట్లనే. నేను 74 ఉన్నప్పుడు బీమ్ నాలుగు దాటకపోయేది, ఎంత గుంజినా గదే. 66కి వచ్చినంక తొమ్మిది కొడుతున్న. చేతులల్ల బలం పెరిగిందా అంటే గంతగనం ఏం లేదు, పైకి గుంజే బరువు తగ్గింది గంతే. నీకు ఏడు కేజీలు పోతే ఎనిమిది పుల్ అప్స్ పన్నెండైతయ్ చూడు.

షార్ట్‌కట్ శీను
ఇంత కష్టం దేనికండీ బాబూ. నాలుగు కేజీలు మామూలుగా తగ్గు. బోర్డుకి రెండ్రోజుల ముందు నీళ్ళు బంద్, ఒక లాసిక్స్ టాబ్లెట్, దుప్పటి కప్పుకుని ఎండలో పరుగు. మిగతా 3 కేజీలు దిగిపోతాయి. మా ఫ్రెండు చేశాడు, పాసయ్యాడు.

నైట్ డ్యూటీ నర్స్
శీను గారూ ఈ మాట చదివి ఒక్కడు చేసినా ప్రమాదమే, అందుకే రాస్తున్నా. లాసిక్స్ గుండె, కిడ్నీ పేషెంట్లకి డాక్టరు లెక్క చూసి ఇచ్చే మందు. నీళ్ళతో పాటు పొటాషియం కూడా పోతుంది, పొటాషియం పడిపోతే కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది. దాని మీద నీళ్ళు తాగకుండా దుప్పటి కప్పుకుని ఎండలో పరుగంటే వడదెబ్బకి ఇంకేం కావాలి. కుర్రాళ్ళని ఎమర్జెన్సీకి మోసుకొచ్చేది ఇలాగే.

అదీగాక మెడికల్ అంటే తూకం మిషన్ ఒక్కటే కాదు కదా, పల్స్ చూస్తారు, బీపీ చూస్తారు, యూరిన్ చూస్తారు. ఒంట్లో నీరు లేనివాడి పల్స్ 110 కొడుతుంటే బరువు కోసం వెళ్ళి ఇంకో కారణంతో వెనక్కి వస్తాడు.

షార్ట్‌కట్ శీను
మా వాడికేం కాలేదు మేడం, నేను చూసింది చెప్పా

మాజీ హవల్దార్
ఏం కానివాళ్ళే కథలు చెప్పడానికి మిగులుతారు శీనూ. ఇంకో మాట, ర్యాలీకి వెళ్ళే పిల్లలు వినండి, పరుగు కోసం ఇంజెక్షన్లు, టాబ్లెట్లు వాడితే డిస్‌క్వాలిఫై చేస్తారని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. గ్రౌండ్ దగ్గర "ఇది వేసుకుంటే 5:30 గ్యారంటీ" అని అమ్మేవాళ్ళు తిరుగుతుంటారు, దగ్గరకి రానివ్వకండి.

కొబ్బరినూనె భక్తుడు
అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నెయ్యి, గుడ్లు, మాంసం, నిమ్మకాయ నీళ్ళు. మా బావ నెలలో 9 కేజీలు తగ్గాడు. లెక్కలూ కప్పులూ అక్కర్లేదు.

డైట్ లెక్కల డాక్టరమ్మ
మీ బావగారు ఎంత బరువు నుంచి తగ్గారు?

కొబ్బరినూనె భక్తుడు
112

డైట్ లెక్కల డాక్టరమ్మ
అదీ సంగతి. 112 మీద 9 వేరు, 75 మీద 7 వేరు. పైగా ఆ డైట్‌లో ఇంటర్వెల్ పరుగుకి కాళ్ళు లేవవు, ఇంటర్వెల్స్‌కి కావాల్సింది పిండిపదార్థమే. ఇంకోటి, అన్నం మొత్తం మానేసిన వాళ్ళ యూరిన్‌లో కీటోన్స్ కనపడతాయి. బోర్డు ముందు కూర్చుని ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడం దేనికి?

సీడీఎస్ సుజి
నాదీ ఓవర్ వెయిట్ టీఆరే కాబట్టి నా కేసు చెప్తాను. నాకు 5 కేజీలు ఎక్కువ వచ్చింది. మొదట్లో రొట్టె, కూర, పరుగు అన్నీ చేసినా మిషన్ ముల్లు కదల్లేదు, ఏడుపొచ్చేది. మా పిన్ని బలవంతంగా థైరాయిడ్ టెస్ట్ చేయించింది, టీఎస్‌హెచ్ ఎక్కువుంది. డాక్టర్ మందు రాసి, మెడికల్ బోర్డుకి దాచొద్దు అని గట్టిగా చెప్పారు, దాచలేదు. అది వేరే కథ, టైం పట్టింది. చెప్పొచ్చేదేంటంటే సరిగ్గా తింటూ పరుగెడుతున్నా రెండు వారాల్లో ఏం తేడా లేకపోతే తిండి ఇంకా తగ్గించకుండా రక్తపరీక్ష చేయించుకోండి. అమ్మాయిలైతే పీసీఓడీ కూడా.

గాజువాక తమ్ముడూ, ఇంకో పాయింట్. నడుము కొలత ఎంత? టేపుతో, బొడ్డు దగ్గర.

గాజువాక కుర్రోడు
నడుము 88, తుంటి 97. ఎందుకక్కా? రక్తపరీక్ష రేపే చేయించేస్తా.

సీడీఎస్ సుజి
అదే నోటిఫికేషన్‌లో ఒక మినహాయింపు ఉంది. బాడీ బిల్డింగ్, రెజ్లింగ్, బాక్సింగ్ చేసినవాళ్ళు, కండ పుష్టి ఉన్నవాళ్ళు చార్ట్ కంటే ఎక్కువున్నా కాగితాలు చూపిస్తే ఒప్పుకోవచ్చు. బీఎంఐ 25 లోపు, మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్ల లోపు, నడుముని తుంటితో భాగిస్తే 0.9 లోపు ఉండాలి, రక్తపరీక్షలన్నీ నార్మల్ ఉండాలి. 172కి బీఎంఐ 25 అంటే 74 కేజీల లోపు. నీ నిష్పత్తి 88 బై 97, 0.907, జస్ట్ మిస్.

షార్ట్‌కట్ శీను
చూశారా! ఒక్క కేజీ తగ్గి ఏదో ఒక జిమ్ నుంచి బాడీ బిల్డింగ్ సర్టిఫికెట్ పట్టుకుపోతే అయిపోయే. మా వీధి జిమ్ వాడు 500కి ఇస్తాడు

మాజీ హవల్దార్
శీనూ నువ్వు ఏ ఉద్యోగానికి ట్రై చేస్తున్నావో గానీ అక్కడివాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. దొంగ కాగితంతో ఆఫీసర్ అవుదామనుకునేవాడు రేపు ముప్పై మంది జవాన్లని ఎక్కడికి తీసుకెళ్తాడు? ఆ మినహాయింపు నిజంగా రింగులో దిగినవాళ్ళ కోసం. గాజువాకా, నువ్వు ఎప్పుడైనా యూనివర్సిటీ లెవెల్లో ఏమైనా ఆడావా?

గాజువాక కుర్రోడు
కబడ్డీ ఇంటర్ కాలేజ్ ఆడాను సార్. సర్టిఫికెట్ ఉంది, ఒరిజినల్. కానీ నాది కండ అని నేనే చెప్పుకోలేను, అద్దంలో చూసుకుంటే పక్కల నుంచి పట్టుకోవడానికి బాగానే దొరుకుతోంది 😅 68 కోసమే ట్రై చేస్తా.

శ్రీకాకుళం చిన్నోడు
కబడ్డీ కాగితం ఫైల్లో పెట్టుకెళ్ళు గురూ, బరువేం కాదు కదా

మాధవరం మనవడు
మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళిన ఊరు, రెండో ప్రపంచ యుద్ధానికే మా ఊరి నుంచి వెయ్యి మందికి పైగా వెళ్ళారు. మా తాత, పెదనాన్న ఇద్దరూ ఫౌజే. నేను మాత్రం హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని 86 కేజీలు. ఊరెళ్తే మా తాత నా పొట్ట చూసి ఏమీ అనడు, టీవీ సౌండ్ పెంచుతాడు. ఈ థ్రెడ్ చదివి షూస్ కొన్నాను. ఏ బోర్డూ లేదు, ఊరికే.

నెల్లూరు నాగ్
షూస్ కొనడం దాకా మేమందరం చేశాం మాస్టారూ

అగ్నివీర్ వాళ్ళమ్మ
నాకు టైపింగ్ సరిగ్గా రాదు. మావాడు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాడు. వెళ్ళేముందు వాడు అన్నం తగ్గిస్తుంటే నేనే గొడవపడి పెట్టేదాన్ని నాయనా. తల్లులకి మీరే నచ్చజెప్పాలి, తగ్గించు అంటే ఆకలితో మాడ్చుతున్నామనిపిస్తుంది మాకు. వాడికి విడిగా ఒక గిన్నె ఇచ్చి నీది నువ్వే పెట్టుకో అన్నాక ఇంట్లో గొడవ ఆగింది. ట్రైనింగ్ నుంచి వచ్చినప్పుడు చెంపలు లోపలికి పోయాయి గానీ మనిషి చువ్వలా ఉన్నాడు.

గాజువాక కుర్రోడు
అమ్మా మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. గిన్నె ఇచ్చింది, చిన్నదే. పప్పులో నెయ్యి మాత్రం నేను చూడనప్పుడు వేస్తోందని నా డౌటు.

గాజువాక కుర్రోడు
అప్‌డేట్. రక్తపరీక్షలు అన్నీ నార్మల్. మూడు వారాలయ్యాక 71.2, నడుము 85. మొదట్లో గబగబా దిగింది, ఇప్పుడు వారం నుంచి 71 దగ్గరే ఆగిపోయింది, పరుగు గంటంబావు చేస్తున్నా అంతే. రాత్రి రొట్టె కూడా తీసేయనా?

డైట్ లెక్కల డాక్టరమ్మ
వద్దు. మొదటి రెండు కేజీలు నీరు అని ముందే చెప్పా కదా, ఇప్పుడు అసలు కొవ్వు దగ్గరికి వచ్చావు, ఇది మెల్లగానే కదులుతుంది. రొట్టె ఉంచు. నిద్ర ఎంతసేపు పోతున్నావు? చీటింగ్ ఎక్కడో ఉంది చూడు, చిన్నదే.

గాజువాక కుర్రోడు
నిద్ర అయిదు గంటలు... చీటింగ్ అంటే గ్రౌండ్ దగ్గర చెరుకురసం. పరుగయ్యాక ఒక్క గ్లాసే. అదీ కౌంటా?

కరీంనగర్ పోరడు
పెద్ద గ్లాసా చిన్న గ్లాసా అన్నా

గాజువాక కుర్రోడు
జంబో

నెల్లూరు నాగ్
దొరికాడు 🤣

బీచ్ రన్నర్ వైజాగ్
చెరుకురసం బదులు నీళ్ళు, మరీ దాహంగా ఉంటే ఉప్పు వేసిన మజ్జిగ. నిద్ర ఏడు గంటలు చెయ్, నిద్ర లేనివాడికి పొద్దుటికల్లా ఆకలి ఎక్కువ ఉంటుంది. ఇంటర్వెల్స్ రోజు 400 మీటర్లు ఆరు సార్లు, మధ్యలో రెండు నిమిషాలు నడక. గంటంబావు ఈడ్చడం ఆపు, గంట చాలు.

నైట్ డ్యూటీ నర్స్
బోర్డుకి రెండు మూడు రోజుల ముందు పుల్ అప్స్, స్ప్రింట్‌లు ఆపేయండి. గట్టి వర్కౌట్ చేసిన మర్నాడు రక్తం తీస్తే ఎస్‌జీఓటీ లాంటివి ఎక్కువ చూపిస్తాయి, లివర్‌కి ఏం లేకపోయినా. నడక చాలు. నీళ్ళు మామూలుగా తాగండి. చెవిలో గులిమి ఉంటే ఇప్పుడే ఈఎన్‌టీ దగ్గర తీయించుకోండి, దానికి కూడా ఆపుతారు.

సీడీఎస్ సుజి
ఆ ముందు రెండు రోజులు ఊరగాయలు, అప్పడాలు వద్దు, ఉప్పుకి నీరు పడుతుంది. ఒకవేళ అక్కడ కూడా అన్‌ఫిట్ అంటే రివ్యూ మెడికల్ బోర్డు అని ఇంకో మెట్టు ఉంది, ఢిల్లీలో గానీ పూణేలో గానీ పెడతారు, కానీ అది అడిగినవాళ్ళందరికీ ఇవ్వరు. దాని మీద ఆశ పెట్టుకుని వెళ్ళకు.

శ్రీకాకుళం చిన్నోడు
ఇంటి మిషన్ నమ్ముకోకు గురూ. రెండు మూడు చోట్ల తూగు. రైల్వే స్టేషన్ మిషన్ అయితే బరువుతో పాటు జాతకం కూడా వస్తాది

గాజువాక కుర్రోడు
రేపు బండి, బెంగళూరుకి. పొద్దున ఇంటి మిషన్ మీద 67.9, జిమ్ మిషన్ మీద 68.4. నడుము 82. పుల్ అప్స్ మొన్న ఆపేముందు పన్నెండు వచ్చాయి, పోరడు చెప్పినట్టే. రైల్లోకి అమ్మ ఉడకబెట్టిన గుడ్లు, రొట్టెలు కట్టింది, నెయ్యి వేయలేదని ఒట్టేసింది. కబడ్డీ కాగితం ఫైల్లో పెట్టుకున్నా.

మాజీ హవల్దార్
ఆ రాత్రి తినకుండా పడుకోకు, ఓ రొట్టె తిను. పొద్దున తూకానికి ముందు ఓసారి బాత్రూంకి వెళ్ళిరా, అదొక్కటే షార్ట్‌కట్. డాక్టర్ అడిగిందానికి సూటిగా జవాబు చెప్పు.

నెల్లూరు నాగ్
రిజల్ట్ చెప్పకుండా మాయమైతే మాత్రం గాజువాక వచ్చి పూరీలు తినిపిస్తాం

సన్నజాజి సైనికుడు
థ్రెడ్ మొత్తం చదివాను. నా హైట్ 170, బరువు 47. నాకు కూడా ఏమైనా చెప్తారా? నాకు కింద పక్క ప్రాబ్లం.

సీడీఎస్ సుజి
కింద పక్క బీఎంఐ 18, అంటే 170కి 52 ఉండాలి. అయిదు కేజీలే, పెద్ద విషయం కాదు.

మాజీ హవల్దార్
దానికి వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, నెయ్యి, పూరీ, బిర్యానీ అన్నీ అక్కడ రాస్తాం. ఇక్కడున్నవాళ్ళంతా ఆకలి మీదున్నారు.